గోడెక్కిన చెల్లెలు

వెల్లగిరి రాజ్యానికి వానలు మొహం చాటేసి రెండేళ్ళయింది. చెరువులు ఎండాయి. ఇళ్ళలో గింజల కుండలు అడుగంటాయి. తెల్లారేసరికి కోట గుమ్మం ముందు జనం చేరేవారు. గింజలు ఇప్పించమని కొందరు, పన్ను ఆపమని కొందరు, బిడ్డకు మందు ఇప్పించమని కొందరు. ఆ గోల వినపడకుండా ఉండాలంటే ధవళసేన మహారాజు కిటికీలు మూయించాలి. మూయిస్తే ఉక్కపోత. ఉక్కపోత నయమని తేల్చుకుని ఆయన కిటికీలు మూయించాడు.

ఆ రోజుల్లోనే ఆస్థాన చిత్రకారుడు వర్ణభద్రుడు అడవికి వెళ్ళి ఒక కుండతో తిరిగొచ్చాడు. కుండలో రంగు ఉంది. ఏ వన్నె తలుచుకుని కుంచె ముంచితే ఆ వన్నె వచ్చేది. ఆ రంగుతో గీసింది చెరగదు, వెలవెలబోదు, నీటికి కరగదు. దానికి ఇంకో గుణం కూడా ఉంది. దానితో ఎవరి బొమ్మ గీస్తే, ఆఖరి గీత పూర్తి కాగానే ఆ మనిషి బొమ్మలోకి వెళ్ళిపోతాడు.

వర్ణభద్రుడు ముందు ఒక చిలకను గీసి చూపాడు. తర్వాత గుమ్మం ముందు ఆకలితో పడి ఉన్న ఒక ముసలివాణ్ణి గీశాడు. ముసలివాడు నిండు బుగ్గలతో నవ్వుతూ గోడ మీద నిలబడ్డాడు. రాజు చాలాసేపు ఆ గోడను చూశాడు. గోడ మీది మనిషికి ఆకలి లేదు, జ్వరం లేదు, అడగడానికి నోరు పెగలదు.

మర్నాడు ఊరూరా దండోరా వేశారు. చావూ ఆకలీ లేని చోటికి రాజుగారు తోవ చూపిస్తున్నారని, ఇష్టమున్నవాళ్ళు కోటకు రావచ్చని చాటారు. జనం బారులు తీరారు. తమను గీయించుకున్నవాళ్ళు కొందరు. తమ పిల్లల్ని గీయించినవాళ్ళు ఎక్కువ మంది.

కోటకు ఆమడ దూరంలో సున్నం కాల్చేవాళ్ళ వాడ ఉంది. ఆ వాడలో ప్రతి ఇంటి అరుగు మీదా పలకంత నల్లరాయి ఒకటి ఉండేది. దాన్ని బొమ్మబండ అనేవారు. పొద్దున్నే ఇంట్లో ఎవరో ఒకరు, తాము నిన్న చూసినదాన్ని ఒకదాన్ని ఆ బండ మీద గీయాలి. అది చీమ కావచ్చు, అత్తగారి మూతివిరుపు కావచ్చు. సున్నం, ఇటుక ముక్క, పసుపు, ఆకు పసరు, ఏది చేతికందితే దానితో గీయవచ్చు. నియమం ఒక్కటే. నిన్నటి బొమ్మను అరచేత్తో చెరిపాకే నేటి బొమ్మ గీయాలి. ఎందుకని పిల్లలు అడిగితే, "దాచుకుంటే దాన్నే చూస్తూ కూర్చుంటాం, మనిషిని చూడడం మానేస్తాం" అని పెద్దవాళ్ళు చెప్పేవారు.

దాలయ్య ఇంట్లో ఆ పని పెద్దకూతురు పైడిది. పద్నాలుగేళ్ళ పిల్ల. దానికి కోపం ముక్కు మీదే ఉంటుందని వాడంతా అనేది. బొగ్గు విరిగితే కోపం, తప్పు గీత పడితే కోపం, బాగుందని ఎవరైనా చూడకుండానే అంటే మరీ కోపం. చెల్లెలు నూకాలుకు ఏడేళ్ళు. దాని పైపన్ను ఒకటి ఊగుతోంది. నాలుకతో దాన్ని తోస్తూ, "అక్కా, ఇవాళ ఊడుతుందా?" అని రోజూ అడిగేది.

వాళ్ళమ్మ కిందటేడు జ్వరంతో పోయింది. పోవడానికి ముందురోజు పైడి గీసిన ఆమె బొమ్మ బండ మీద ఉంది. దాలయ్య లేచి వచ్చేసరికి పైడి దాన్ని చెరిపేసింది. నియమం ప్రకారమే చెరిపింది. చెరిపేటప్పుడు ఆ పిల్ల చెయ్యి బండ మీద ఎంతసేపు ఆగిందో దాలయ్య చూడలేదు. అతను చూసింది ఖాళీ బండను. అప్పటినుంచి తండ్రికీ కూతురికీ మధ్య మాటలు ముక్తసరి అయిపోయాయి.

కోట గోడకు సున్నం తోలింది దాలయ్యే. తోలినన్నాళ్ళూ అతను ఆ బొమ్మల్ని చూశాడు. ఒకరోజు పైడి బట్టీలోకి కట్టెలు తేవడానికి వెళ్ళినప్పుడు, నూకాలును చంకనేసుకుని కోటకు వెళ్ళాడు.

కట్టెలమోపు దించేసరికి ఇంట్లో ఎవరూ లేరు. సంగతి ఎదురింటి ముసలమ్మ చెప్పింది. పైడి పరుగున కోటకు వెళ్ళింది. అప్పటికి ఆఖరి గీత పడిపోయింది. గోడ మీద నూకాలు పట్టుపరికిణీలో నవ్వుతూ నిలబడి ఉంది. పళ్ళన్నీ ముత్యాల్లా ఒక వరసలో ఉన్నాయి. బట్టీ నిప్పురవ్వ పడి గడ్డం మీద అయిన మచ్చ లేదు. నూకాలుకు పట్టుపరికిణీ ఏనాడూ లేదు.

"అది మా నూకాలు కాదు" అంది పైడి.

దాలయ్య గోడ మీంచి కళ్ళు తిప్పలేదు. "నూకాలే అమ్మీ. ఇక దానికి జ్వరం రాదు. అది పోదు."

"దాన్ని అడిగావా అయ్యా?"

 "మీ అమ్మది ఒక్క బొమ్మ మిగల్చలేదు నువ్వు" అన్నాడు దాలయ్య. "ఒక్కటి."

అరికాలి మంట నెత్తికెక్కింది పైడికి. గోడ మీదికి ఉరికి గోళ్ళతో గీకింది. గోళ్ళు విరిగాయి గానీ రంగు పొడి కూడా రాలలేదు. భటులు రెక్క పట్టుకుని లాగేశారు. ఆమె వర్ణభద్రుడి ముందుకు వెళ్ళి, దీన్ని ఎలా చెరపాలో చెప్పమని నిలదీసింది.

తనకు తెలియదన్నాడు వర్ణభద్రుడు. ఆ రంగు అడవి అవతల నల్లబండ కొండ మీద స్థిరకేశి అనే రాక్షసి పొయ్యి మీద కాస్తుందనీ, అడిగినవాళ్ళకు ఊరికే ఇస్తుందనీ చెప్పాడు. చెరిపే మందు ఆమె దగ్గరైనా ఉందో లేదో అడగలేదన్నాడు.

"ఎందుకడగలేదు?"

"చెరపాల్సి వస్తుందని అనుకోలేదు" అన్నాడు అతను, కుంచె కడుక్కుంటూ.

పైడి ఇంటికి వెళ్ళి అరుగు మీది బొమ్మబండను, కాస్త సున్నాన్ని, ఇటుక ముక్కను గుడ్డలో మూటకట్టుకుంది. తండ్రితో చెప్పలేదు. అడవి దారి పట్టింది.

దారిలో ప్రతి పొద్దునా బండ మీద నూకాలు బొమ్మే గీసేది. ఇటుక ముక్క అయిపోయాక ఆకు పసరుతో గీసింది. పసరు బండ మీద జారి ముక్కును చెవిదాకా లాక్కుపోయింది. ఒక చెట్టు పాలతో గీస్తే ముందు ఏమీ కనబడలేదు. ఎండ తగిలాక గోధుమరంగులో ముఖం తేలింది, అప్పటికి ఆమె కళ్ళు తప్పుచోట పెట్టేసి ఉంది. వేపపుల్లను నమిలి కుంచె చేసింది. తప్పు పడ్డప్పుడల్లా పుల్లను విసిరేసేది. విసిరేసి, తిట్టుకుంటూ వెళ్ళి తెచ్చుకునేది.

అడవి మొదట్లో ఒక ఆశ్రమం తగిలింది. శాంతవ్రతుడనే ముని మర్రిచెక్క పీట మీద కూర్చుని శిష్యులకు పాఠం చెబుతున్నాడు. నల్లబండ కొండకు దారి అడిగింది పైడి. ముని ఆమె ముఖం చూశాడు.

"నీలో కోపం కుతకుతలాడుతోంది" అన్నాడు. "దాన్ని ఆ వాగులో వదిలేసి రా. అప్పుడు దారి చెబుతాను."

"వదిలేస్తే ఇంటికి వెళ్ళిపోతాను స్వామీ. నన్ను ఇంతదూరం నడిపించింది అదే."

కోపం మనిషికి శత్రువని ముని మొదలుపెట్టాడు. ఒక దృష్టాంతం చెప్పాడు, దాని మీద ఇంకొకటి చెప్పాడు. మధ్యలో ఒక శిష్యుడు పాలచెంబు తన్నేస్తే వాణ్ణి కసిరి, మళ్ళీ శాంతం దగ్గరికొచ్చాడు. పైడి వింటూ హోమగుండం పక్కనుంచి బొగ్గు ఒకటి తీసుకుంది. బండ చెరిపి గీయడం మొదలుపెట్టింది. బొగ్గు ఆమెకు కొత్త కాదు గానీ ఈ బొగ్గు మెత్తన. వేలితో రుద్దితే నీడ పడుతోంది. ఆ నీడతో కనుబొమల మధ్య ముడత పెట్టింది, కణత మీద నరం పెట్టింది, దవడ బిగింపు పెట్టింది. బండను ముని ముందుకు తిప్పింది.

"ఎవరిది?" అన్నాడు ముని.

"మీదే స్వామీ. నాకు శాంతం బోధిస్తున్నప్పటిది."

శిష్యులు తలలు వంచుకున్నారు. వాళ్ళ భుజాలు కదులుతున్నాయి. ముని బొమ్మను చూశాడు. తన కణత తడుముకుని చూసుకున్నాడు. తర్వాత ఆయనే నవ్వేశాడు.

"ముప్పై ఏళ్ళుగా ఇది వాగులో పోయిందనుకున్నాను" అన్నాడు. "సరే, నీ కోపం నీ దగ్గరే ఉంచుకో. అది నీ చేతిని నడపకుండా చూసుకో." దారి చెప్పాడు. కావలసినంత బొగ్గు తీసుకోమన్నాడు. వెళ్ళేటప్పుడు పిలిచి ఇంకో మాట కూడా చెప్పాడు. ఆ రంగుతో వేసిన బొమ్మను చూసేకొద్దీ అసలు మనిషి మరుపుకొస్తాడట. నూకాలును ఉన్నదున్నట్టు తలుచుకునేవాళ్ళు ఎవరూ మిగలకపోతే, ఆ పిల్ల ఇక గోడదేనట.

ఆ మాట విన్నాక పైడి నడక వేగం పెరిగింది. మర్నాడు పొద్దున నూకాలు బొమ్మలో గడ్డం దగ్గరికొచ్చి పైడి ఆగింది. మచ్చ కుడివైపా, ఎడమవైపా? కళ్ళు మూసుకుంటే పట్టుపరికిణీ కనబడుతోంది. బండను నేలకేసి కొట్టబోయి, ఆగి, తన గడ్డాన్ని చెల్లెలు గడ్డం కడిగినట్టు కడిగింది. చెయ్యి దానంతటదే ఎడమవైపు మెల్లగా తగిలింది. మచ్చ ఎడమవైపు పెట్టింది.

అడవి దాటాక రెండు కొండల మధ్య ఇరుకుదారి. దారికి అడ్డంగా ఒక కొండచిలువ పడుకుని ఉంది. దాని తల ఈ మలుపులో ఉంది, తోక ఏ మలుపులో ఉందో తెలియదు.

"ఈ దారికి నేను కాపలా" అంది కొండచిలువ. "పుట్టి నూరేళ్ళయింది, నా పొడుగు వల్ల నన్ను నేను పూర్తిగా చూసుకోలేదు. నా బొమ్మ గీయి. నిజంగా నాలా ఉంటే దారి ఇస్తాను. ఇంతకుముందు వచ్చినవాళ్ళు నాకు పడగలు పెట్టి ఆదిశేషుణ్ణి చేశారు. వాళ్ళను మింగాను. కుంచెలవాడు ఒకడు మాత్రం నేను నిద్రలో ఉండగా దాటుకుపోయాడు."

కొండ పక్కన ఎర్రటి జాజురాయి పొర ఉంది. పైడి ఒక ముక్క పెళ్ళగించి, దారి పక్క బండ మీద గబగబా గీసింది. రెండు కోరలు, నిప్పుల కళ్ళు, తెరిచిన నోరు. ముక్క విరిగేంత గట్టిగా గీసింది.

కొండచిలువ తల ఎత్తి చూసింది. "నాకు కోరలు లేవు పిల్లా. నేను చుట్టి చంపుతాను, కాటు వేయను. ఆ కోరలు నీవి. నువ్వు నన్ను చూడనే లేదు." దాని ఒళ్ళు కదిలి పైడి కాళ్ళ చుట్టూ ఒక చుట్టు పడింది.

పైడి అరచేత్తో బొమ్మ చెరపబోయింది. జాజు బండ గరుకులోకి దిగిపోయింది, చెరగలేదు. ముని మాట గుర్తొచ్చింది. తప్పు తనదేనని ఆమెకు తెలుసు. తెలియడం వల్ల కోపం ఇంకా పెరిగింది. ఈసారి ఆ కోపం ఆమె చేతిలోకి కాక కళ్ళలోకి వెళ్ళింది. ఇంకొక్కసారి గీయనిమ్మనీ, ముందు ఒళ్ళంతా చూడనిమ్మనీ అడిగింది. చుట్టు వదులైంది.

ఆమె కొండచిలువ పక్కనే తలనుంచి నడిచింది. పొలుసుల మీది మచ్చలు చూసింది, పాత గాయం చూసింది, మేకపిల్లను మింగిన ఉబ్బు చూసింది. మలుపు తిరిగి తోకదాకా వెళ్ళి, అక్కడ కొంతసేపు నిలబడి, తిరిగొచ్చింది. ఇంకో బండ మీద ఒక్కొక్క గీతే గీసింది. ప్రతి గీతకు ముందూ చూసింది. పూర్తయ్యాక పక్కకు జరిగింది.

"తోక దగ్గర ఆ గుండ్రంగా ఉన్నదేమిటి?" అంది కొండచిలువ.

"బండరాయి. మీ తోక దాని కింద ఇరుక్కుంది."

కొండచిలువ తోకను లాగి చూసింది, అది రాలేదు. "నేను కాపలా ఉన్నాననుకున్నాను" అంది.

పైడి ఒక దుంగ తెచ్చి రాతి కింద పెట్టి ఎత్తింది. తోక బయటికొచ్చింది. కొండచిలువ దాన్ని ముందుకు తెచ్చుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత దారి వదిలి కొండ మీదికి పాకిపోయింది. మేకపిల్ల ఉబ్బు గీయకపోయినా పరవాలేదని వెళుతూ అనడం వినిపించింది.

నల్లబండ కొండ మీద చప్పుడు లేదు. పక్షులు ఉన్నాయి, రాళ్ళ మీద బొమ్మలుగా. మల్లెతీగ ఉంది, రాతి మీదే. ఒక లేగదూడ ఉంది, నాలుగు కాళ్ళూ తిన్నగా పెట్టి. అన్నిటికంటే పెద్ద బండ మీద ఒక రాక్షసకుర్రాడి బొమ్మ ఉంది. దాని ముందు తాడిచెట్టంత రాక్షసి కూర్చుని రంగు కాస్తోంది.

"రంగు కావాలా పిల్లా?" అంది స్థిరకేశి. "ఎంత కావాలంటే అంత పట్టుకుపో. లోకమంతా ఇలాగే నిలిచిపోతే ఎవరికీ ఏడుపుండదు."

"నాకు చెరిపేది కావాలి."

రాక్షసి పడీపడీ నవ్వింది. ఆ రంగును చెరిపేది లేదంది. నమ్మకపోతే ప్రయత్నించి చూసుకోమంది. పైడి బూడిదతో రుద్దింది, కుంకుడు నురగతో రుద్దింది, చింతపండుతో, ఇసకతో రుద్దింది. దూడ బొమ్మ మీద గీత చెక్కు చెదరలేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది. చేతులు ఒరుసుకుపోయాయి. అలిసిపోయి రాక్షసిని తిట్టింది, వర్ణభద్రుణ్ణి తిట్టింది, రాజును తిట్టింది. తండ్రిని తిట్టబోయి ఆగింది.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు బొమ్మ ఇంకా గీయలేదని. కోపమొచ్చినా రోజుబొమ్మ మానరాదు. బొగ్గు మూటలో ఉంది గానీ చేతులు తడిగా ఉన్నాయి. ఆ తడివేలితోనే పక్కనున్న బండ మీద గీద్దామనుకుంది. దేన్ని గీయాలని చూస్తే కింద ఎండిన బురదలో దూడ గిట్టల అచ్చులు కనబడ్డాయి. మూడు అచ్చులు దిగి ఉన్నాయి. నాలుగోది ఈడ్చుకుపోయిన గీత.

"ఇది కుంటిది కదా" అంది పైడి.

"ఏమో" అంది రాక్షసి. "బొమ్మలో తిన్నగానే ఉందే."

పైడి నీళ్ళలో వేలు ముంచి కుంటిదూడను గీసింది. బండ కాలుతోంది. తోక గీసేసరికి చెవులు ఆరిపోతున్నాయి. కొలత చూసుకునే వ్యవధి లేదు. ఈడుస్తున్న కాలు గీసిన క్షణంలో రాతి మీది దూడ బొమ్మ మాయమైంది. అది నీటిబొమ్మలో కదిలింది. ఎండకు నీరు ఆరిపోగానే, కుంటిదూడ ఒకటి బండ మీద నిలబడి అంబా అంది.

ఆ కొండ మీద చాలా ఏళ్ళకు వినిపించిన చప్పుడు అది. రాక్షసి గరిటె కింద పడేసింది.

పైడికి విషయం అర్థమైంది. చెరపాల్సింది గోడ మీది బొమ్మను కాదు. గోడ బొమ్మ అబద్ధం. నిజమైన బొమ్మ ఒకటి చెరిగేదానితో గీస్తే లోపలున్న ప్రాణం దానిలోకి వస్తుంది. దాన్ని చెరిపేస్తే బయటికి వస్తుంది.

"మా వాణ్ణి గీయి" అంది స్థిరకేశి.  "గీయకపోతే నమిలేస్తాను."

"నమలండి. మీ అబ్బాయిని నేనెప్పుడైనా చూశానా? కన్నది మీరు, మీరే గీయండి."

రాక్షసి బొగ్గు తీసుకుంది. కొడుకు బొమ్మను చూస్తూ గీసింది. ఏమీ జరగలేదు. మళ్ళీ గీసింది. బండ మీది బొమ్మ వైపు తిరగవద్దని పైడి కసిరింది. వాడు ఎలా తినేవాడో, దేనికి ఏడ్చేవాడో చెప్పమంది. రాక్షసి కళ్ళు మూసుకుంది. చాలాసేపటికి, "అన్నం ఆలస్యమైందని రాయి కొరికాడు" అంది. "కుడికోర విరిగింది. అప్పటినుంచి మాటల్లో ఈల వచ్చేది." వంకరటింకరగా గీసింది గానీ కోర విరిచి గీసింది. బొమ్మ కదిలింది. అరచేత్తో చెరిపింది. ఈలవేసే గొంతుతో అన్నం అయిందా అని అడుగుతూ కొడుకు ఆమె ఒళ్ళో పడ్డాడు.

స్థిరకేశి పొయ్యి మీది రంగును కొండ కిందికి ఒంపేసింది. పైడిని భుజాన ఎత్తుకుని, కొడుకు వేలు పట్టుకుని, అడుగుకొక కొండ చొప్పున దాటుకుంటూ వెల్లగిరి పొలిమేరలో దించింది.

కోట ఆవరణలో ఇంకా జనం బారు తీరి ఉన్నారు. వర్ణభద్రుడు గోడ చివరికి వచ్చేశాడు. దాలయ్య నూకాలు బొమ్మ కిందే కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. పైడిని చూసి లేవబోయి, లేవలేకపోయాడు.

పైడి ఎవరితోనూ మాట్లాడలేదు. గోడ కింద నాపరాళ్ళ నేల మీద కూర్చుని గీయసాగింది. ముని బొగ్గుతో ముఖం, జాజుముక్కతో చిరుగుల పరికిణీ, ఇంటి సున్నంతో మోకాలి మీది దుమ్ము. భటులు వచ్చారు. వెనకే మహారాజు వచ్చాడు.

"రాజాజ్ఞ లేకుండా ఇక్కడ గీసే హక్కు నీకెవరిచ్చారు?" అన్నాడు. "గోడ మీదివాళ్ళు సుఖంగా ఉన్నారు. వాళ్ళకు ఆకలి లేదు, చావు లేదు. వాళ్ళ సుఖం చెడగొడతావా?"

పైడి గీత ఆపి తల ఎత్తింది.

"అంత సుఖమైతే మీరింకా గోడ ఎక్కలేదేం మహారాజా?"

రాజు వర్ణభద్రుణ్ణి చూశాడు. వర్ణభద్రుడు కుంచెను చూసుకున్నాడు. బారులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు బారు పొడుగునా పాకి, చివరికి చేరేసరికి నవ్వుగా లేదు. ముందున్నవాళ్ళు తమ పిల్లల్ని చంకలోకి లాక్కున్నారు. భటులు కదలలేదు. వాళ్ళ పిల్లలు కూడా ఆ గోడ మీద ఉన్నారు.

పైడి ఊగుతున్న పన్ను పెట్టింది. ఎడమవైపు మచ్చ పెట్టింది. పూర్తయింది. నూకాలు గోడ మీదినుంచి కదలలేదు. పైడి మళ్ళీ చూసుకుంది. చెవి సరిగ్గానే ఉంది, జడ సరిగ్గానే ఉంది. ఏది తప్పో తెలియలేదు. 

"అది నవ్వలేదమ్మీ" అన్నాడు దాలయ్య.

పైడి తిరిగి చూసింది.

"ఆ రోజు అది నవ్వలేదు. అక్క కావాలని ఏడ్చింది. నన్ను తన్నింది. నోట్లో బెల్లంముక్క పెట్టి నిలబెట్టాను. బుగ్గలో బెల్లం పెట్టుకుని నన్ను అలాగే గుడ్లురిమి చూస్తోంది. వర్ణభద్రుడు దాన్ని నవ్వుగా గీశాడు." అతను ముఖం చేతుల్లో దాచుకోలేదు. అందరూ వింటుండగానే చెప్పాడు. "నేను నవ్వునే చూశాను."

పైడి పళ్ళు నూరింది.  నవ్వును వేలితో తుడిచేసి, కిందికి ఒంగిన పెదవులు పెట్టింది. ఒక బుగ్గ ఉబ్బు పెట్టింది. కనుబొమలు దగ్గరకు లాగింది. ఆ ముఖం అచ్చం తన ముఖంలాగే వచ్చింది. గోడ మీద పట్టుపరికిణీ ఖాళీ అయింది. నేల మీద నూకాలు గుడ్లురుముతూ కదిలింది.

"చెరుపు అయ్యా."

దాలయ్య వెనక్కి తగ్గాడు. "నావల్ల కాదు. నువ్వే చెరుపు. నీకు అలవాటే."

"అలవాటు కాదు" అంది పైడి. "అమ్మ బొమ్మ మీద నా చెయ్యి ఎంతసేపు ఉందో నీకు తెలియదు. నువ్వు నిద్రపోతున్నావు. ఇవాళ నువ్వు చెరుపు."

దాలయ్య మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సున్నానికి పగిలిన అరచెయ్యి నేల మీద ఆనించాడు. కాళ్ళు చెరిపాడు. పరికిణీ చెరిపాడు. ముఖం దగ్గర చెయ్యి ఆగిపోయింది. పైడి తొందరపెట్టలేదు. అతను కూతురి కళ్ళలోకి చూస్తూ చెరిపేశాడు.

నూకాలు ఆపిన చోటినుంచే ఏడుపు అందుకుంది. బెల్లంముక్క నేల మీదికి ఉమ్మింది. దాంతోపాటు పన్ను కూడా వచ్చింది. ఏడుపు ఆపి దాన్ని చూసింది.

"అక్కా, ఊడింది" అంది. తర్వాత తండ్రి వైపు తిరిగి, అతని మోకాలి మీద ఒక్క తన్ను తన్ని, అక్క చంకెక్కింది. తండ్రితో అది ఆ నెలంతా మాట్లాడలేదు. అతను మాట్లాడమని అడగలేదు.

ఆ పొద్దు వెల్లగిరి జనమంతా కోట నేల మీద గీశారు. బొగ్గు చాలకపోతే ఇటుకలు పగలగొట్టారు. కొందరు గీసినవి మనుషులో గుమ్మడికాయలో తెలియలేదు. అయినా ఆరో వేలు గీశారు, మెల్లకన్ను గీశారు, కారే ముక్కు గీశారు. పిల్లలు ఒక్కొక్కరే దిగివచ్చారు. గోడ మీద మొదట ఎక్కిన ముసలివాడికి ఎవరూ లేరు. అతన్ని రోజూ గుమ్మం ముందునుంచి నెట్టేసిన కావలివాడు, తలవంచుకుని వచ్చి, లెక్కతప్పకుండా పక్కటెముకలు గీశాడు. ముసలివాడు లేచి నిలబడి అన్నం పెట్టమన్నాడు. రాజు పెట్టిస్తాడేమోనని ఎవరూ ఆగలేదు. రాజుగారి గాదెల తలుపులు జనమే తెరిచారు. వర్ణభద్రుడి కుండను దాలయ్య తన బట్టీలో వేసి కాల్చేశాడు.

ధవళసేనుణ్ణి ఏం చేయాలని పెద్దలు పైడిని అడిగారు. కొండ మీది రాక్షసికి ఇచ్చేద్దామన్నారు కొందరు. పైడి ఒక్క షరతు పెట్టింది. రాజు సింహాసనం మీదే ఉండవచ్చు. కానీ కొలువుకూటం గడపలో ఒక బొమ్మబండ పెట్టాలి. రోజూ పొద్దున ఊళ్ళో ఎవరో ఒకరు వచ్చి, తమకు రాజు ఎలా కనబడుతున్నాడో దాని మీద గీస్తారు. రాజు దాన్ని పూర్తిగా చూసి, తన అరచేత్తో చెరిపాకే కొలువులో కూర్చోవాలి. ఒక్కరోజు మానినా కిరీటం దించాలి.

మొదటిరోజు నూకాలు గీసింది. రాజు వచ్చి వంగి చూశాడు. తన చెవుల చోట ఏవో పలకలు ఉన్నాయి.

"ఇవేమిటి?" అన్నాడు.

"కిటికీ తలుపులు" అంది నూకాలు, పన్ను ఊడిన సందులోంచి. "మూసి ఉన్నాయి."

రాజు చాలాసేపు చూశాడు. తర్వాత చెరిపాడు. ఆయన అరచెయ్యి నల్లబడింది. ఆ పూటే కోట కిటికీలన్నీ తెరిపించాడని, అవి మళ్ళీ మూతపడలేదని వెల్లగిరివాళ్ళు చెబుతారు. పైడి కోపం మాత్రం ముక్కు మీదే ఉండిపోయింది. రాజుగారి బండ మీద బొమ్మ గీయడానికి ఎప్పుడు తన వంతు వచ్చినా, ఆమె ముందు ఆయన్ని తేరిపార చూసేది. ఆ చూపుకు రాజు సర్దుకుని కూర్చునేవాడు.